మాత్ర లేని రెండు వారాలు

బంగారుపాళ్యం,
ఆదివారం.

చిరంజీవి లోహితకు నాయన ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, అవ్వ బాగున్నారు. నేను బాగయ్యే దారిలో ఉన్నాను. ఆ సంగతి రాయడానికే ఈ ఉత్తరం. హాస్టల్ ఫోన్‌లో మనకు దొరికే అయిదు నిమిషాల్లో అది పట్టదు. పైగా నీ వెనక వరసలో నిలబడ్డ పిల్లలు వినదగ్గ విషయం కాదు.

ముందు నీ ఉత్తరానికి జవాబు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ అయిపోయింది, అమ్మ మళ్లీ కుట్టు మిషన్ ముందు కూర్చుంది. నీ తెల్ల చున్నీ దొరికింది, పంపిస్తాం. కడుపులో మంటగా ఉంటోందని, వార్డెన్ మేడం పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్రలు ఇచ్చారని, వేసుకోనా అని అడిగావు. వద్దమ్మా. మొదలుపెట్టి ఉంటే ఈ ఉత్తరం అందిన రోజు నుంచి ఆపు. ఇది నా సొంత వైద్యం కాదు, చిత్తూరులో నన్ను చూస్తున్న డాక్టర్ ఉమ్మే హబీబా గారిని అడిగే రాస్తున్నాను. పోయిన నెల తిరుపతికి వచ్చి కూడా నిన్ను చూడకుండా వెళ్లిపోయానని కోపంగా రాశావు. నీ స్నేహితురాలి నాన్న బస్టాండులో నన్ను చూసిన మాట నిజమే. దానికీ జవాబు చెబుతాను, వరసలో రానీ.

నా కడుపు సంగతి నీకు తెలుసు. విలేకరిగా వార్తల కోసం తిరుగుతూ ఎక్కడ పొద్దుపోతే అక్కడ తిన్నాను. మంట వస్తే మాత్ర, తగ్గితే మరచిపోవడం. ఈసారి మామిడి సీజన్లో ఫ్యాక్టరీల ముందు నిలిచిపోయిన ట్రాక్టర్ల గురించి రోజూ రాయాల్సి వచ్చింది. అప్పటికి మాత్ర లేనిదే పూట గడవని స్థితి. చిత్తూరు వెళ్లి డాక్టరమ్మకు చూపించుకున్నాను.

ఆమె చెప్పింది ఇది. కడుపు గోడల్లో ఇల్లు కట్టుకునే ఒక క్రిమి ఉంది, పేరు హెచ్ పైలోరి. చాలామందికి చిన్నతనంలోనే అంటుతుంది, కొందరిలో పుండు పెడుతుంది. ఉందో లేదో మల పరీక్షలో తెలుస్తుంది. కానీ శాంపిల్ ఇచ్చే ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ముట్టకూడదు. మాత్ర ఆ క్రిమిని చంపదు, అణచిపెడుతుంది. పోలీసులు వస్తున్నారని ముందే తెలిస్తే పేకాట శిబిరం ఖాళీ అయిపోతుంది చూడు, అలాగన్న మాట. క్రిమి కడుపులోనే ఉంటుంది, కాగితం మీద మాత్రం లేదని వస్తుంది.

మాత్రల పెట్టె అటక మీద పెట్టాను. మొదటి మూడు రోజులు కష్టపడ్డాను. తర్వాత మంట తగ్గుముఖం పట్టింది. మనసు గట్టిగా ఉంటే కడుపు కూడా మాట వింటుందని మీ అమ్మతో గొప్పగా అన్నాను.  అవ్వ పక్కనే ఉండి కూడా ఏమీ అనలేదు. అవ్వ మాట్లాడకపోవడం మన ఇంట్లో వార్తే. నేను పట్టించుకోలేదు.

గడువు ముగిసిన ఉదయం ల్యాబ్ వాళ్లిచ్చిన చిన్న డబ్బాలో శాంపిల్ పట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. ఆలస్యం కాకుండా అందించాలి. డబ్బాకు కవరు, కవరుకు గుడ్డసంచి. మన ఊరి మామిడి తోట నారాయణ వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"ఏమబ్బా మునికుమారూ, సంచిని ఒళ్లో పెట్టుకోని కదలకుండా కూర్సున్నావే? గుజ్జు శాంపిలా?"

"శాంపిలే. గుజ్జు కాదు."

"ఫ్యాక్టరీ వాళ్లు ఏమన్నా కలిపినారా? ఏదీ, సూడనీ."

"వద్దప్పా. ల్యాబ్ వాళ్లు తప్ప ఎవరూ తెరవకూడదు."

"సూసినావా, ఏదో ఉండాది. రేపు పేపర్లో ఏసెయ్, ఇడిసిపెట్టద్దు."

చిత్తూరు దాకా అతను నన్ను మెచ్చుకుంటూనే వచ్చాడు.

రిపోర్టు నెగెటివ్. డాక్టరమ్మ చూసి, "మాత్రలు నిజంగా ఆపారా?" అని అడిగింది. ఆపానన్నాను. నాకు తెలిసినంతలో అది నిజం. ఇంటికి వచ్చి, ఇక వేసుకోవచ్చు కదా అని అటక మీది పెట్టె దించాను. నిండుగా పెట్టిన పెట్టెలో సగం రేకులు ఖాళీ.

మీ అమ్మను అడిగితే ఆమె వంటింట్లోకి వెళ్లి చూసింది. రాగిపిండి డబ్బా వెనక నుంచి గుప్పెడు ఖాళీ గొట్టాలు తెచ్చి అరచేతిలో చూపించింది. మందు గుళికలు లేని, సగం ఎరుపు సగం తెలుపు పైతొడుగులు.

"ఏందత్తా ఇవి?"

అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నీ రాగి అంబట్లో కలిపినాను. నాలుగో దినం నుంచీ."

"అమ్మా, పరీక్షంతా చెడిపోయింది తెలుసా?" అన్నాను.

"పరీచ్చ పాడుగాను. నొప్పికి నువ్వు గోడకానుకోని కూర్సుంటివి. మీ నాయన అట్లే కూర్సునే వాడు. ఆ పొద్దు మాత్ర దొరక్క సూస్తా ఉండినాను. ఈ పొద్దు పెట్టె నిండా పెట్టుకోని గూడా సూస్తా ఉండమంటావా?"

"డాక్టరమ్మ వద్దనింది కదా."

"డాక్టరమ్మ నిన్ను కనిందా?"

 మీ అమ్మ మెల్లగా అంది. "మందు దొరికే రోగాన్ని అంబట్లో దాచిపెట్టినావత్తా. అది లోపల్నే ఉంటాది గదా."

అవ్వ గింజలు తీయడం ఆపింది. "అయితే మళ్లా మొదట్నించి చేస్తే తెలుస్తాదా?" అని అడిగింది. తెలుస్తుందన్నాను. "అయితే ఆ పెట్టె ఈడ పెట్టద్దు. నా చెయ్యి ఊరుకోదు. జయంతోళ్లింట్లో పెట్టేసి రా." పక్కింటి జయంతి అత్తకు పెట్టె అప్పగించి వచ్చాను.

మరుసటి రోజే చిత్తూరు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది. "మీ అమ్మ మీద నాకేమీ కోపం లేదు, కానీ రిపోర్టు చెల్లదు. మొదటి రోజు నుంచి లెక్కపెట్టండి" అంది. తట్టుకోలేనప్పుడు తాగడానికి ఒక తెల్ల మందు రాసిచ్చింది. అది పరీక్షకు పెద్దగా అడ్డు రాదట, అయినా చివరి రోజు మానెయ్యమంది.

రెండోసారి మంట తగ్గలేదు. నా మనసు గట్టితనం ఎంతో అప్పుడు తెలిసింది. ఒక ఉదయం నాకు తెలియకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాను. అవ్వ చూసింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. మీ అమ్మ కుట్టు ఆపి నావైపు చూసింది. కాసేపటికి అవ్వ ఖాళీ చేతులతో వచ్చి, నా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. నేను లేచేదాకా లేవలేదు.

ఈసారి రిపోర్టు పాజిటివ్. చెడ్డ వార్తకు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు తిరుపతి సంగతి. నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటి ఉంది. మీ తాత మునివెంకటప్ప కామెర్లతో పోయాడని నీకు చెప్పాం. కాదు. కడుపులో క్యాన్సర్. నువ్వు చిన్నపిల్లవు, ఆ మాట ఇంట్లో పలకవద్దని అవ్వ అంది, అలాగే ఉండిపోయింది. పాజిటివ్ వచ్చాక డాక్టరమ్మ మన ఇంట్లో ఎవరికైనా కడుపు జబ్బు ఉండేదా అని అడిగింది. చెప్పాను. వెంటనే తిరుపతి పెద్దాసుపత్రికి రాసింది. గొంతులోంచి గొట్టం దింపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం చేతికి రాకుండా నీ ఎదురుగా నిలబడి నవ్వడం నాకు చేతకాలేదు. అందుకే మీ కాలేజీ వైపు రాకుండా బస్సెక్కాను.

ఫలితం వచ్చింది. పుండు ఉంది, క్యాన్సర్ లేదు. ఈ వాక్యంలో దాచింది ఏమీ లేదు. కావాలంటే కాగితం చూపిస్తాను. మందుల కోర్సు నిన్నటితో ముగిసింది. నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది, అయినా ఒక్క పూట కూడా మందు తప్పలేదు. కొన్ని వారాలు ఆగి, క్రిమి పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. చేయిస్తాను.

ఇక నీ కడుపు మంట. మెస్ కారం వల్లే కావచ్చు, పరీక్షల బెంగ కావచ్చు. ఈ క్రిమి కూడా కావచ్చు. ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుతుందట. అవ్వ కంచంలో నేను తిన్నాను, నా కంచంలో నువ్వు తిన్నావు. ఎవరి నుంచి ఎవరికన్నది తేలదని డాక్టరమ్మ అంది. తేలని దాన్ని నేను రాయను, నువ్వు కూడా ఎవరి మీదా వేయకు. తాత రోగం మనకూ రాసిపెట్టి ఉందని కూడా అనుకోకు. ఉంటే మందు ఉంది. ముందు ఉందో లేదో నిజంగా తెలియాలి.

వార్డెన్ మేడానికి ఇంకో ఉత్తరం విడిగా రాశాను, కోపం లేకుండా. డాక్టరమ్మను అడిగి, తెల్ల మందు సీసాను ఆ ఉత్తరంతో కలిపి పార్సిల్ పంపుతున్నాను, చివరి రోజు నువ్వూ మానెయ్యి. వాంతిలో రక్తం కనిపించినా, విరేచనం నల్లగా అయినా, నొప్పి ఎక్కువైనా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లు, మాకు ఫోన్ చేయించు. నువ్వు మాత్ర ఆపి రెండు వారాలు నిండాక, మూడో ఆదివారం నేను వస్తాను. అనుమతి తీసుకుని సోమవారం దాకా నీతో ఉంటాను. ల్యాబ్ ఎక్కడుందో చూసి పెట్టాను. సిగ్గుపడే పనేమీ లేదు, మీ నాయన ఆ డబ్బాను రెండుసార్లు బస్సులో తీసుకెళ్లాడు.

అవ్వ తన శాంపిల్ కూడా ఇస్తానంది. డాక్టరమ్మను అడిగి చేయిస్తాం.

ఈ రెండు వారాల్లో ఓర్చుకోలేక ఎప్పుడైనా ఆ మాత్ర వేసుకుంటే, వేసుకున్నానని చెప్పు. దాచవద్దు. ఎవరూ నిన్ను ఏమీ అనరు. మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెడదాం.

ఇట్లు,
నీ మేలు కోరే
నాయన.