లాయరమ్మ వెళ్ళిపోయింది

జూన్ 16, ఆదివారం

ప్రియమైన వదినగారికి,

మీ మరదలి నమస్కారాలు. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ క్షేమమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. కంగారు పడకండి. మీ తమ్ముడు ఎప్పటిలాగే కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా దాన్నే వెతుకుతున్నారు. బాగాలేనిది నా మనసొక్కటే. ఫోన్లో చెప్పేది కాదు, అందుకే ఉత్తరం.

శనివారాలు నేను పిల్లలకు లెక్కలు చెబుతున్నానని మీకు తెలుసు కదా. అమ్మానాన్నలు చూసుకోలేని పిల్లలను సర్కారు ఉంచే హాస్టల్ అది, మా వీధి చివరే. నాకు జీతం లేదు, ఈ దేశం భాష సగమే వచ్చు. ఇంట్లో గోడలతో మాట్లాడుతూ కూర్చోవడం కంటే నయమని వెళ్ళాను. భోజనాల గదిలోనే చదువు. బల్లల మీద జిడ్డు తుడిచి పుస్తకాలు పరిచేసరికే తల ప్రాణం తోకకొచ్చేది. అక్కడే దొరికింది నాకు లాయరమ్మ.

ఆ పేరు నేను పెట్టిందే. తొమ్మిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళ మధ్య సందు, ఏదీ ఊరికే ఒప్పుకోదు. ఏడు ఎనిమిదులు యాభైఆరు అంటే, ఎవరు చెప్పారు అంటుంది. చిక్కుడు గింజలిచ్చి లెక్కపెట్టుకోమంటే బల్లంతా పరిచి చూసుకుని, సరే ఈసారికి ఒప్పుకుంటున్నా అంటుంది. నాకేమో ఎన్నాళ్ళు ఇక్కడున్నా ఎక్కాలు తెలుగులో గొణుక్కుంటే తప్ప రావు. అది విని విని పట్టేసింది. బడిలో పరీక్ష రాస్తూ తెలుగులో గొణుగుతుంటే, ఈ పిల్ల ఏవో మంత్రాలు చదువుతోందని వాళ్ళ టీచరు వార్డెన్‌కి ఫోన్ చేసిందట. మార్కులు మాత్రం అందరికంటే ఎక్కువ. ఆ సంగతి మీ తమ్ముడికి చెబుతూ నవ్వలేక చచ్చాను.

చలికాలంలో వార్డెన్ నన్ను పక్కకు పిలిచింది. పదేళ్ళు నిండిన పిల్లలను ఆ హాస్టల్లో ఉంచరట. ఆలోగా ఈ ఊళ్ళో ఎవరైనా లాయరమ్మను తమ ఇంట్లో పెట్టుకుని పెంచుతామంటే సరే, లేకపోతే పగలంతా ప్రయాణం చేస్తే తప్ప చేరలేనంత దూరాన ఉన్న పెద్ద హాస్టల్‌కి పంపేస్తారట. అక్కడ దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పేవాళ్ళుంటారా అని అడిగాను. అంతమంది పిల్లల్లో ఎవరు ఎవరిని కూర్చోబెట్టుకుంటారమ్మా అంది. ఆనాటినుంచి నాకు అదే ధ్యాస. కానీ ఎవరూ ముందుకు రాలేదు వదినా.

నిన్న పంపేశారు. నేను వెళ్ళేసరికి వాకిట్లో వ్యాను ఆగి ఉంది, లాయరమ్మ డ్రైవర్‌తో వాదిస్తోంది. ఇంత పెద్ద వ్యానులో నన్నొక్కదాన్నే తీసుకెళ్తే పెట్రోలు దండగ కదా, ఇంకో నలుగురు పోగయ్యేదాకా ఆగొచ్చు కదా అంటోంది. ఆయన పెద్దాయన. టోపీ తీసి మొహం తుడుచుకుని, నా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు. దాంతో లాయరమ్మ ఎక్కి కూర్చుంది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుని ఉంది. సరిచేద్దామని చెయ్యి పెడితే, నేనే పెట్టుకుంటా అని తోసేసింది. అది ఏడవలేదు. ఏడ్చిందంతా నేనే, వార్డెన్ కుర్చీ తెచ్చి మంచినీళ్ళు ఇవ్వాల్సొచ్చింది. వ్యాను మలుపు తిరిగేదాకా చూశాను. అది వెనక్కి తిరిగి చూడలేదు.

కన్నపిల్ల కాదు కదా అని మీరు అనరు, ఆ ధైర్యంతోనే మీకు రాస్తున్నాను. వచ్చే శనివారం మిగతా పిల్లలు నాకోసం కూర్చుని ఉంటారు. వెళ్ళగలనో లేదో తెలియదు. అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు,
మీ మరదలు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఎవరూ ముందుకు రాలేదని పైన రాశాను, అది అబద్ధం. మేం వెళ్ళి అడిగాం. మన ఇంటికి తెచ్చుకుందామని మీ తమ్ముడే ముందు అన్నారు. అధికారులు వచ్చి ఇల్లు చూసి సరేనన్నారు. ఆఖర్న పిల్లను కూడా అడగాలి, అది వాళ్ళ పద్ధతి. అడిగితే వద్దందట. ఎందుకంటే, ఆవిడ వాళ్ళ ఊరికి వెళ్ళిపోతుంది, నేను మళ్ళీ మిగిలిపోతాను అందట. నిజమే, దాని ముందే అంటూ ఉంటాను. కుళాయిలో వేడినీళ్ళు రాకపోతే అంటాను, బస్సు లేటైతే అంటాను, ఇంకెన్నాళ్ళులే, మా ఊరు వెళ్ళిపోతామని. మేం వచ్చేది లేదని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్లకెలా తెలుస్తుంది? వార్డెన్ ముందే దాని చేతులు పట్టుకుని, అది ఊరికే అనే మాట తల్లీ, మేం ఎక్కడికీ వెళ్ళం అన్నాను. మరి ఊరికే అయితే అన్నిసార్లు ఎందుకన్నావు అని అడిగింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు, మన ఊరు ఎప్పుడొస్తున్నారు అని మాత్రం అడక్కండి వదినా.