పక్కింటి అత్తయ్యకి చెప్పేశాను

చెల్లీ,

నీ ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు ఫోను ఎత్తడం లేదు. నేనే ఆస్పత్రికి పరిగెడుతున్నాను, కాళ్లావేళ్లా పడైనా ఎవర్నో ఒకర్ని తీసుకొస్తాను. అందాకా మంచం దిగకు, చేతులు పైకెత్తకు. నీళ్లు, ఫోను చేతికందేలా పెట్టాను.

చెత్తబుట్ట అడుగున నువ్వు పేపర్లో చుట్టి దాచిన దూది చూశాను. అంతా చీమూ నెత్తురే. ఎందుకు దాచావే? "కోయించుకోవద్దంటే విన్నావా?" అని అమ్మ దెప్పుతుందనా? దెప్పనీ. దెప్పించుకోవడానికైనా నువ్వుండాలి కదే!

నిన్ను ఒంటరిగా వదల్లేక పక్కింటి అత్తయ్యని రమ్మన్నాను. మనం అందరికీ పిత్తాశయంలో రాళ్లని చెప్పాం కదా, ఆవిడ కట్టు కోసం పొట్టమీద వెతుకుతుంది. అందుకే రొమ్ములు తగ్గించుకునే ఆపరేషనని నిజం చెప్పేశాను. నన్ను తర్వాత తిట్టుకో. ఆవిడ అడిగితే సిగ్గుపడకుండా కట్టు చూపించు.

అక్క

తా.క. నిజం చెబితే అత్తయ్య నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. జాకెట్టు పక్కకి లాగి భుజం చూపించింది. బ్రా పట్టీ కోసుకుపోయిన గాడి, అచ్చం నీకున్నట్టే. "ఇలా చేయించుకోవచ్చని నాకెవరూ చెప్పలేదమ్మా" అంది.