రిమార్కుల్లో లేట్

ఫిబ్రవరి 3, సోమవారం

అరపూట సెలవు పెట్టి కారు ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్ళాను. నాలుగో అంతస్తు. లోన్ ముందే ముగించేస్తానని చెప్పాను. అరవై వాయిదాల్లో ముప్ఫై ఒకటి అయ్యాయి. మిగిలిన ఇరవై తొమ్మిదీ ఒకేసారి కడతానంటే సంతోషిస్తారనుకున్నాను. కౌంటర్‌లో అమ్మాయి నావైపు జాలిగా చూసింది. ఇస్తానన్న డబ్బు పుచ్చుకోవడానికి ఇంత తతంగం ఉంటుందని నాకు తెలీదు.

కారు నా భార్యది. లోనూ తన పేరు మీదే. నాకు డ్రైవింగ్ రాదు. మూడు నెలలుగా కారు పార్కింగులో కవరు కప్పుకుని ఉంది. రోజూ దాని పక్కనుంచే నడిచి బస్సు ఎక్కుతున్నాను.

ఫారంలో ఖాతాదారు పేరు రాయాలి. తన పేరుకి ముందు 'లేట్' అని రాశాను. రాయడం ఇదే మొదటిసారి. చెయ్యి ఆగింది. పెన్ను రాయట్లేదేమో అనుకుని ఆ అమ్మాయి ఇంకోటి ఇచ్చింది.

వారం పడుతుందట.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. తన ఫోన్ ఇంకా చార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

వాయిదా లేట్ అట. లేట్ ఫీజు కట్టాలట. అది కట్టేదాకా ముందస్తు ముగింపు దరఖాస్తు చూడరట. ఈ నెల వాయిదా ఐదో తారీఖునే పోయింది. పాస్‌బుక్ చూసుకున్నాను.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. పదకొండు నిమిషాలు సంగీతం వినిపించారు. ఆ తర్వాత ఒకతను ఖాతాదారే మాట్లాడాలన్నాడు. ఆవిడ చనిపోయారని చెప్పాను. ప్రగాఢ సానుభూతి తెలియజేశాడు, చూసి చదువుతున్నట్టు. వెంటనే, వెరిఫికేషన్ కోసం పుట్టిన తేదీ ఆవిడ్నే ఒకసారి చెప్పమన్నాడు.

ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి పై వాటా ఆవిడ మెట్ల మీదే ఆపింది. మధ్యాహ్నం ఇద్దరు మగాళ్ళు వచ్చారట. పార్కింగులో కారు కవరెత్తి నంబరు చూసుకుని, తన పేరు పెట్టి, ఈ ఇంట్లో వాయిదాలు ఎగ్గొట్టినావిడ ఎవరు అని అరిచారట. అన్ని వాటాల వాళ్ళూ బయటికొచ్చారట. మనిషి పోయిందని ఈవిడే చెప్పిందట. పోతే మాత్రం బాకీ పోతుందా అన్నారట.

పై వాటా ఆవిడ మంచిదే. కానీ చివర్లో గొంతు తగ్గించి, ఏమైనా ఇబ్బందుంటే చెప్పమంది. అంటే నమ్మింది.

అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మేనేజర్ని కలిశాను. నలభై దాటని మనిషి, టేబుల్ మీద అతని పేరుతో రెండు బోర్డులున్నాయి. స్క్రీన్ నావైపు తిప్పి చూపించాడు. తన పేరు పక్కన రిమార్కుల కాలమ్. అందులో ఒకే మాట: లేట్.

అది నేను రాసిన మాటే. ఫారం మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. ఆ మాట పడగానే సిస్టమ్ తనని ఎగవేతదారుల జాబితాలోకి తోసింది. ఆ జాబితా రికవరీ వాళ్ళకి వెళ్ళింది.

"లేట్ అని మీరే రాశారు కదా సార్. పోయినవాళ్ళెవరో ఎగ్గొట్టినవాళ్ళెవరో పాపం కంప్యూటర్‌కి ఏం తెలుసు?" అన్నాడు. అని నవ్వాడు.

మార్చాలంటే ఖాతాదారు సంతకంతో అర్జీ కావాలట. లేదంటే లేట్ ఫీజు, ముందస్తు ముగింపు ఫీజు రెండూ కట్టేస్తే గొడవ వదిలిపోతుందట. ఆ రిమార్కు మాత్రం ఉండిపోతుంది, అయినా ఇప్పుడు ఎవరు చూడొచ్చారు సార్ అన్నాడు.

నేను చూశాను.

కిందికి వస్తూ అలవాటుగా లిఫ్ట్ లోపల తగిలించిన లైసెన్సు చదివాను. నా ఉద్యోగమే అది, ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేయడం. గడువు మార్చి 9. నాలుగో అంతస్తులో లిఫ్ట్ నేలకి రెండు వేళ్ళు కిందే ఆగుతోంది.

ఫిబ్రవరి 22, శనివారం

నవ్వాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆ బిల్డింగు ఫైలు మా జూనియర్ జాబితాలో ఉంది. నేను చూస్తానన్నాను. పని తగ్గిందని అతను రెండు చేతులా అందించాడు. ఫలానా ఫైలు నాకు కావాలని సర్వీసులో ఎప్పుడూ అడగలేదు. అడిగాక గుండె దడదడలాడుతుందనుకున్నాను. నిమ్మకు నీరెత్తినట్టుంది.

మార్చి 2, ఆదివారం

పొద్దున్నుంచి అగ్రిమెంటు చదివాను. నలభై రెండు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుంటే ఇరవై ఏడో క్లాజు దొరికింది. ఖాతాదారు మరణిస్తే కుటుంబసభ్యులు ఎప్పుడైనా లోన్ ముగించుకోవచ్చు, ఏ ఫీజూ లేదు. తయారుచేసిన వాళ్ళే చదవని కాగితం.

బావమరిది భోజనానికి వచ్చాడు. తన తమ్ముడు. జరిగిందీ, లిఫ్ట్ ఫైలు తీసుకున్నదీ చెప్పాను. ఫీజు తను కట్టేస్తాననీ, కారు అమ్మిపెడతాననీ అన్నాడు. కుక్క కరిచిందని మనం కుక్కని కరుస్తామా బావా అన్నాడు. ఈసారి కరుస్తానన్నాను. అక్క ఉంటే ఒప్పుకునేది కాదన్నాడు.

అక్క ఉంటే లేట్ అనే మాట పడనిచ్చేదా?

కరెంటు బిల్లు వచ్చిన సాయంత్రమే కట్టే మనిషి. పదింటికి పెళ్ళయితే నాకు తొమ్మిదని చెప్పేది. నాకా సంగతి తెలుసు. తెలిసీ పదిన్నర చేసేవాణ్ణి. చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి దిగేసరికి ఇంజన్ ఆన్‌లో ఉండేది. పేపరు ఎనిమిది మడతలు పెట్టి స్టీరింగ్ మీద ఆనించుకుని చదువుతుండేది. ఒక్కమాట అనేది కాదు. పేపరు వెనక సీట్లో పడేసేది, అంతే.

మా ఇద్దరిలో లేట్ ఎవరని ఈ వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

నాకు డబ్బు వద్దు. తను ఎప్పుడూ లేట్ కాలేదని వాళ్ళ చేత రాయించాలి.

మార్చి 10, సోమవారం

వెళ్ళాను. నాలుగో అంతస్తులో లెవెలింగు తేడా ఇరవై రెండు మిల్లీమీటర్లు. రెండో అంతస్తు డోర్ కాంటాక్టు వదులు. మామూలుగా అయితే పదిహేను రోజులు గడువిచ్చి, నడుపుకోమంటాను. ఆపే అధికారమూ నాకుంది. ఆపాను. సీలు వేశాను.

మేనేజర్ పరిగెత్తుకుంటూ దిగాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది. గుర్తుపట్టాక మొహంలో నెత్తురు దిగిపోయింది. రెండు రోజులు టైం ఇవ్వమని బతిమాలాడు. నిన్నటితో గడువు అయిపోయింది కదా.

"మీ లైసెన్సు లేట్ సార్," అన్నాను. నవ్వలేదు.

ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నాలుగు నెలల తర్వాత నిద్ర పట్టింది.

మార్చి 13, గురువారం

మేనేజర్ మా ఆఫీసుకొచ్చాడు. లిఫ్ట్ రిపేరు నిన్ననే చేయించేశారట. మళ్ళీ తనిఖీకి దరఖాస్తు తెచ్చాడు. దాని కింద ఇంకో కాగితం ఉంది. ముగింపు ఫీజు, లేట్ ఫీజు మాఫీ అని. మీది మేం చేస్తాం, మాది మీరు చేయండి అన్నాడు, ఇద్దరం ఒకే బండి ఎక్కినవాళ్ళలాగా.

రిమార్కు సంగతి అడిగాను. అది హెడ్డాఫీసు పని, దాన్నొదిలేయండి అన్నాడు.

మాఫీ కాగితం తిరిగి ఇచ్చేశాను. లంచం తీసుకోలేదు. లిఫ్ట్ దరఖాస్తు మాత్రం కట్ట అడుగున పెట్టాను. రెండు రోజుల్లో చూడాల్సింది. పడి ఉండనీ. లేట్ అంటే ఏమిటో వాడికీ తెలియాలి.

మార్చి 15, శనివారం

దరఖాస్తు అడుగునే ఉంది.

మార్చి 17, సోమవారం

చూసి ఆనందిద్దామని ఆ బిల్డింగుకి వెళ్ళాను. నిజమే రాస్తున్నాను. వాడు నాలుగంతస్తులు ఎక్కుతుంటే చూడాలనిపించింది.

వాడు కనిపించలేదు. ఒక ముసలాయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మెట్లు ఎక్కిస్తున్నారు. మలుపు దగ్గర కుర్చీ ఒరిగింది. ఆయన రెండు చేతులా రెయిలింగు పట్టేసుకుని, పడేయకండ్రా బాబూ, నేను కట్టిన ఫీజు కాళ్ళకే, తలకాయకి కాదు అన్నాడు. మోసేవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు బోర్డు చూశాను. మూడో అంతస్తులో ఫిజియోథెరపీ.

మా ఫారంలో మొదటి కాలమ్, లిఫ్ట్ వాడేవారు ఎవరు అన్నది. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి అంతస్తూ తిరిగి అది నింపాకే మిగతావి నింపుతాను. ఈసారి తిరగలేదు. ఫైనాన్స్ కంపెనీ అని రాసి ఊరుకున్నాను.

దిగబోతుంటే కౌంటర్ అమ్మాయి ఎదురైంది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి రెయిలింగు మీద. ఏడో నెల అట. అప్పుడు కౌంటర్ వెనక కూర్చుని ఉండడంతో నాకు తెలీలేదు. డెబ్భై ఎనిమిది మెట్లు సార్, లెక్కపెట్టాను అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. లేట్ అని ఎక్కించింది ఆ అమ్మాయేనట. తప్పు తెలిశాక సరిచేయమని మూడుసార్లు పైకి పంపిందట. మూడుసార్లూ మేనేజర్ దగ్గరే ఆగిపోయిందట.

"మీ ఫారం మీద ఏముందో అదే కొట్టాను సార్. ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది," అంది.

నేనూ అదే చెప్పాల్సింది. ఆవిడ బ్యాగు నాలుగో అంతస్తు దాకా మోశాను.

మార్చి 18, మంగళవారం

ఎనిమిదింటికల్లా వెళ్ళి తనిఖీ చేశాను. లిఫ్ట్ బాగుంది. సీలు తీసేశాను.

ఆఫీసుకొచ్చి ఫైల్లో రాశాను: 'పునఃతనిఖీ ఆలస్యానికి సాంకేతిక కారణం లేదు. తనిఖీ అధికారికి ఆ భవనంలోని ఒక సంస్థతో సొంత తగాదా ఉంది. వాడేవారి కాలమ్ కూడా సరిగా నింపలేదు.' సంతకం, తేదీ.

మా పై అధికారి చదివి తలుపు వేశారు. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది, ఈ వయసులో కొరివితో తల గోక్కోవడం దేనికయ్యా, చింపెయ్ అన్నారు. మెమో ఇవ్వాల్సి వస్తుందన్నారు. ఇవ్వమన్నాను.

మార్చి 19, బుధవారం

ఆ కాగితం కాపీ తీసుకెళ్ళి మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. చదివాడు. నేను దొరికిపోయానని అతనికి సంతోషం కలగడం, ఆ సంతోషం ఎలా వాడుకోవాలో తోచకపోవడం, రెండూ మొహంలో కనిపించాయి.

"నా లేట్ నేను రాసుకున్నాను. ఆవిడది కాని లేట్ మీరు కొట్టెయ్యండి."

ఇక నన్ను పట్టుకోవడానికి అతని చేతిలో ఏమీ లేదు. ఇరవై ఏడో క్లాజు కింద గీత గీసి చూపించాను. హెడ్డాఫీసుకి ఫిర్యాదు పొద్దునే రిజిస్టర్డ్ పోస్టులో వేశానని చెప్పాను. దిద్దమని కింది నుంచి ఎన్నిసార్లు వచ్చిందో, ఎవరి దగ్గర ఆగిందో మీ సిస్టమే చెప్తుంది, చూసుకోండి అని అందులో రాశాను. ఆ అమ్మాయి ఊసు ఎత్తలేదు.

ఈసారి నేనే నవ్వాను. కొంచెం.

మార్చి 29, శనివారం

మేనేజర్ ఫోన్. గొంతులో పంచదార. ఏ ఫీజూ లేకుండా ముగించమని హెడ్డాఫీసు చెప్పిందట. ఖాతాదారు ఎప్పుడూ ఆలస్యం చేయలేదని ఉత్తరం సిద్ధమట. వచ్చి తీసుకుని, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. పిల్లల చదువులున్నాయి సార్ అన్నాడు.

ఉత్తరం నేను తీసుకోనన్నాను. మీవాళ్ళు ఎక్కడ నిలబడి అరిచారో అక్కడే నిలబడి మీరు చదవాలన్నాను.

ఆదివారం వస్తానన్నాడు. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం అన్నాను. ఎదురుచూడనీ.

ఏప్రిల్ 6, ఆదివారం

పదింటికి రమ్మన్నాను. తొమ్మిదిన్నరకే కిందికి దిగాను. బావమరిది కూడా వచ్చాడు, నేనేమన్నా చేస్తానేమోనని భయం.

మేనేజర్ కారు పక్కన నిలబడి, మడత విప్పి, తనలో తను చదువుకుంటున్నట్టు మొదలెట్టాడు.

"వాళ్ళు ఎంత గొంతుతో అడిగారో, అంత గొంతుతో," అన్నాను.

మళ్ళీ మొదలెట్టాడు. నా భార్య పూర్తి పేరు. ముప్ఫై మూడు వాయిదాలు. ఒక్కటీ ఆలస్యం కాలేదు. జరిగినదానికి సంస్థ చింతిస్తోంది. మధ్యలో ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ వాక్యం మళ్ళీ చదివించాను. పై వాటా ఆవిడ బాల్కనీలో బట్టలు పిండుతూ ఆగింది. ఇంకో ఇద్దరు తలుపులు తీశారు. చివరి దాకా విన్నారు.

అతను నవ్వుతాడేమోనని మొహమే చూస్తూ ఉన్నాను. నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఉత్తరం అందుకుని ఫిర్యాదు వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టాను. మంచినీళ్ళు కావాలా అని అడగలేదు.

అతను వెళ్ళాక, ఇప్పుడు చల్లబడ్డావా బావా అని అడిగాడు బావమరిది.

లేదన్నాను. అబద్ధం ఎందుకు.

ఏప్రిల్ 15, మంగళవారం

రెండు కాగితాలు వచ్చాయి.

ఫైనాన్స్ వాళ్ళది. తన పేరు. కింద: గడువుకు ముందే ముగిసినది.

మా ఆఫీసు మెమో. నా పేరు. కింద: ఆలస్యం.

మూడుసార్లు చదివాను. దేన్లోనూ తప్పు దొరకలేదు.