కళ్లు మూసుకోకముందు

సరళా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి రేపటికి ఏడాది.

ఇవాళ పిస్కాటవే చర్చిలో ఆరాధన అయ్యాక, మన సంఘంలో కొత్తగా చేరిన దివ్య నా దగ్గరికి వచ్చింది. "పాస్టర్ అంకుల్, నా జాబ్ గురించి ప్రే చేస్తారా?" అంది. అలవాటు కొద్దీ ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాను. నువ్వు గుర్తొచ్చావు.

"మీరు కళ్లు మూసుకుంటే అవతలివాళ్లు నోరు మూసుకోవాల్సిందే. ముందు వినండి" అని ఎన్నిసార్లు విసుక్కున్నావో!

కుర్చీ లాక్కుని కూర్చుని, "చెప్పమ్మా" అన్నాను.

జాబ్ సంగతి కాదు. రెండు నెలల కిందట కడుపు పోయిందట. ఇండియాలో అమ్మకి కూడా చెప్పలేదట. "ఇక్కడ అందరూ జాబ్ గురించే అడుగుతారు కదంకుల్, నేనూ అదే అనేశాను" అంది.

హాల్లో కుర్చీలు సర్దేవాళ్లు మా రెండూ వదిలేసి వెళ్లిపోయారు. గంటసేపు మాట్లాడి చివరికి తనే, "ఇప్పుడు ప్రే చేయండంకుల్" అంది.

ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆసుపత్రిలో ఆ ఆఖరి మధ్యాహ్నమే గుర్తొస్తోంది. నువ్వు నా చెయ్యి పట్టుకుని "ఏవండీ" అన్నావు. నేను వెంటనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. కళ్లు తెరిచేసరికి నువ్వు నిద్రలోకి జారుకున్నావు. మళ్లీ లేవలేదు.

ఏం చెప్పబోయావు, సరళా?