తాళం పగలగొట్టిన సంగతి బయోడేటాలో ఉండనివ్వడం గురించి

ఉపాధి కార్యాలయ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా బయోడేటాలోని ఒక వాక్యమును తమ గుమాస్తా గారు కొట్టివేయుట, సదరు వాక్యమును తిరిగి చేర్చి ముద్ర వేయించుట గురించి.

దిగువ సంతకం చేసినవాడు మనవి చేసుకొనునది ఏమనగా:

1. గాజు సీసాల కర్మాగారం వారు ప్యాకింగు పనికి మనుషులు కావలెనని ప్రకటించియున్నారు. తమ ముద్ర లేని బయోడేటాను వారు చేత్తో ముట్టరు. సోమవారంతో గడువు సరి.

2. తమ వరండా గోడకు ఒక నమూనా బయోడేటా అంటించియున్నది. దాని ప్రకారం ప్రతి అభ్యర్థికీ నాయకత్వ లక్షణాలూ ఉండవలెను, విధేయతా ఉండవలెను. అభిరుచి చదరంగం. వరుసలో నా ముందున్న వెల్డరు కూడా అదే రాశాడు. "నువ్వు చదరంగం ఆడతావా అన్నా?" అని అడిగాను. "ఆడటమా! గుర్రం ఎటు పోతుందో కూడా తెలీదు తమ్ముడూ. గోడ మీదుంది, దింపేశాను" అన్నాడు. ఇంతమంది చదరంగం ఆటగాళ్ళు పని లేక తిరుగుతున్న ఊరు భూప్రపంచంలో ఇంకొకటి లేదని మనవి.

3. నేను నమూనా చూసి రాయలేదు. ఇంతకు మునుపు మా అక్కా నేనూ ఒకే దుస్తుల కార్ఖానాలో పనిచేసితిమి. పని మొదలుకాగానే మేస్త్రీ ఊచల గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బయటికి పోవును. ఒకనాడు ఆవిరి ఇస్త్రీల గదిలో మా అక్క స్పృహ తప్పి పడిపోయింది. మేస్త్రీ లేడు. ఇస్త్రీ పెట్టెతో తాళం పగలగొట్టి అక్కను గాలిలోకి మోసుకొచ్చాను. కార్ఖానా ఆస్తికి నష్టం కలిగించానని సాయంత్రానికి నన్ను తీసేశారు. 'సాధించిన విజయాలు' అనే గడిలో నేను రాసినది ఇదే.

4. గుమాస్తా గారు చదివి నవ్వారు. "ఇది విజయమట్రా? ఇది పోలీసు కేసు!"

"మనిషి బతికిందండీ."

"బతికితే సంతోషం. ఇంట్లో చెప్పుకో. తాళాలు పగలగొట్టేవాడికి ఎవడైనా పిలిచి గేటు తీస్తాడా?"

ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "ఒత్తిడిలో సైతం ప్రశాంతంగా పనిచేయగలడు" అని రాశారు. అయ్యా, ఆనాడు నేను ప్రశాంతంగా లేను. ప్రశాంతంగా ఉన్నవాళ్ళు ఆ గదిలో చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ తాళం జోలికి పోలేదు.

5. నేను చదివినవి కరపత్రాలు. అందుకే పేటలో నా పేరు కూడా అదే. చేతులు అమ్ముకుంటే తప్ప పూట గడవదని వాటిలోనే చదివాను, ఒప్పుకున్నాను. కానీ ఆ చేతులు చేసిన ఒకే ఒక్క మంచి పనిని దాచిపెట్టి అమ్ముకోమని ఏ కరపత్రంలోనూ లేదు. అది తమ వరండా గోడ మీద మాత్రమే ఉన్నది.

కావున సదరు వాక్యమును యథాతథంగా ఉంచి ముద్ర వేయించవలెననియు, కోపం వచ్చినచో నా మీద ఉంచుకుని వాక్యాన్ని మాత్రం దయతో చిత్తగించవలెననియు ప్రార్థన.

తమ విధేయుడు (ఈ మాట నమూనాలోనిది),
కరపత్రం అని పిలవబడువాడు

తా.క. ఇది మడిచేలోపు అక్క కార్ఖానా నుంచి వచ్చింది. తను ఇంకా అక్కడే చేస్తోంది. నిలబడే చదివింది. "ఒరేయ్, పగలగొట్టింది నా కోసమేగా? నేనే చెప్తున్నా, తీసెయ్. ఇద్దరి కడుపుల కోసం ఆ గేట్లోకి నేనొక్కదాన్నే ఎన్నాళ్ళు పోను?" అంది. తాళం లేని రెండో ప్రతి రాసి జతచేశాను. చదరంగం కూడా పెట్టాను. ముద్ర దాని మీదే వేయండి. మొదటిది మాత్రం చించకండి, నాకిచ్చేయండి.

నిన్న వెళ్ళి సీసాల కర్మాగారం చూసొచ్చాను. దానిదీ ఊచల గేటే. తాళం ఇంకా పెద్దది.