నాసిరకం రివెట్లకు నేను పెట్టిన సంతకం

ఇల్లినాయ్ రాష్ట్రం, సిసెరో నివాసి, కీ.శే. కొల్లూరి నరసింహం గారి పెద్ద కుమారుడు హరనాథ్ అనే నేను, అరవై ఒకటో ఏట, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. కోపంగా ఉన్నాను. కోపం మతిభ్రమణం కిందికి రాదని మా లాయరు చెప్పాడు.

1. ఇల్లూ, అందులోని సమస్తమూ నా భార్య కామేశ్వరికి. ఆమె కుట్టుమిషను గది కిటికీ బాగుచేయిస్తానని పదేళ్లుగా చెబుతూ వచ్చాను. నిన్న చేయించాను.

2. తమ్ముడు శ్రీధర్‌తో కలిసి నడిపిన నిచ్చెనల కంపెనీలో నా సగం వాటా మొత్తం, మా దగ్గర రివెట్లు కొట్టే పనిచేసిన పోలండ్ మనిషి కాజిమీర్‌కు. కారణం అందరికీ తెలియాలి. 1983లో శ్రీధర్ నిచ్చెన మెట్లు బిగించడానికి చవక రివెట్లు తెప్పించాడు. సుత్తి దెబ్బకే తల ఊడిన రివెట్టును కాజిమీర్ నా బల్లమీద పడేసి, “బజేవ్యె!” అన్నాడు. వాళ్ల భాషలో పనికిమాలిన సరుకు అని అర్థమట. సరుకు తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది నేనే. శ్రీధర్ నా వెనకే నిలబడి, “అన్నయ్యా, సైన్ చేసెయ్. డెలివరీ లేట్ అయితే ఆర్డర్ క్యాన్సిల్ చేస్తారు,” అన్నాడు. చేశాను.

మూడు వారాలకు మా గోడౌన్‌లోనే బల్బు మార్చడానికి ఆ రివెట్లతో చేసిన నిచ్చెనే ఎక్కాడు కాజిమీర్. మెట్టు ఊడింది. తుంటి విరిగింది. ఇప్పటికీ కర్ర లేకుండా నిలబడలేడు. నష్టపరిహారం ఎగ్గొట్టడానికి శ్రీధర్ విచారణలో, అతను తాగి ఎక్కాడని చెప్పాడు. నన్ను అడిగితే, “నేను చూడలేదు,” అన్నాను. అబద్ధం. కాజిమీర్ తాగలేదు. ఆ మధ్యాహ్నం అతను నా ఎదుట కూర్చుని కామేశ్వరి చేసిన పులిహోర తిని, లేచి నేరుగా గోడౌన్‌కు వెళ్లాడు.

3. శ్రీధర్‌కు ఆ విరిగిన నిచ్చెన. అమ్ముకోవడానికి వీల్లేదు, పారేయడానికి వీల్లేదు. సిగ్గు అనేది వాడికి మిగిలి ఉంటే ఆఫీసులో పెట్టుకోవాలి.

4. కూతురు విద్యకు నా కొలత పరికరాలు, ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత. నిజం చెప్పినప్పుడు అది అడిగింది ఒక్కటే: “నాన్నా, నువ్వు జస్ట్ నో చెప్పొచ్చు కదా?” చెప్పొచ్చమ్మా. నా సంతకం మీద నాకున్న కోపం శ్రీధర్ మీద ఉన్నదానికన్నా ఎక్కువ.

5. కాజిమీర్ తాగలేదన్న నా వాంగ్మూలాన్ని నేను పోయాక చదవాలని మొదట రాశాను. కామేశ్వరి అది చదివి, “బతికుండగా చెప్పడానికి నోరు రాదా?” అంది. ఆ పేరా కొట్టేశాను. రేపు ఉదయం పదింటికి విద్య డ్రైవ్ చేస్తుంది. ముందు కాజిమీర్ ఇంటికి, తర్వాత అతన్ని వెంటబెట్టుకుని విచారణాధికారి దగ్గరికి. ఆ పని మాత్రం వారసులకు వదలడం లేదు.

14 అక్టోబరు 1986, సిసెరో.

(సంతకం) కొల్లూరి హరనాథ్

సాక్షులు: రామమోహన్, సుమతి