లింబాద్రికి సిఫారసు ఉత్తరం

ఖమీస్ ముషైత్ క్యాంపు,
అక్టోబరు 1

జిద్దా, బలద్ ఆఫీసులోని మౌలా సాహెబ్ గారికి,

ఖమీస్ సైటు స్టోరు గుమాస్తా లింబాద్రి నమస్కరించి రాసేది. మీకు ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తడం లేదు. అందుకని కంపెనీ వ్యాను తీసుకెళ్ళే టపా సంచీలో ఈ ఉత్తరం వేస్తున్నాను. మీరు కడపవారని, తెలుగులో రాస్తే సంతోషిస్తారని నా గదిలో ఉండే యాదగిరి చెప్పాడు.

నాకు ఎంబీఏ చదవాలని ఉంది సార్. ముప్పై రెండేళ్ళొచ్చాక ఇదేం బుద్ధి అని నవ్వకండి. తొమ్మిదేళ్ళుగా సిమెంటు బస్తాలకు కాపలా కాస్తున్నాను. బస్తా తగ్గితే నన్ను తిడతారు, అన్నీ సరిగ్గా ఉంటే మేనేజరును మెచ్చుకుంటారు. ఆయన ఎంబీఏ చదివాడు మరి. నేను రెండు బడులు చూసి పెట్టుకున్నాను. ఒకటి కౌలాలంపూర్‌లో, ఒకటి మనీలాలో. రెండూ చాలావరకు ఆన్‌లైన్ చదువే. కౌలాలంపూర్ బడికి పేరెక్కువ, కానీ ఈ నెల 31 లోపల కంపెనీ పెద్దవారి సిఫారసు ఉత్తరం వాళ్ళకు అందాలి. నేను మంచివాణ్ణని మీరు నాలుగు ముక్కలు రాసిస్తే నా బతుకు మారుతుంది. ఏ బడి మేలో కూడా మీరే చెప్పాలి.

మీ జవాబు కోసం సంచీ వంకే చూసే,
లింబాద్రి

తా.క.: పది రోజులుగా హాజరు మిషను నా వేలు పట్టడం లేదు. జాబితాలో పేరు లేదని మెస్సులో నాకు పళ్ళెం పెట్టడం లేదు. యాదగిరి పళ్ళెంలో సగం తింటున్నాను. వాడు చిక్కిపోతున్నాడు, కాస్త తొందరగా చూడండి.


బలద్, జిద్దా,
అక్టోబరు 5

లింబాద్రి గారికి,

మౌలా సాహెబ్ సలాములు. మీరు క్షేమమేనా అన్న వాక్యం రాసి కొట్టేశాను. అడగవచ్చో కూడదో తెలియలేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కూర్చుని, తర్వాత రెండుసార్లు నిలబడి. ఫోను ఎత్తనందుకు క్షమించాలి. తెరమీద మీ పేరు వెలిగినప్పుడల్లా ఫోను బోర్లా తిప్పి పెట్టాను. మీ ఫైలు మూసింది నేనే. మీ సామాను ఇంటికి పంపమన్న కాగితం మీద సంతకమూ నాదే. కాబట్టి మిషను మీ వేలు పట్టకపోవడంలో దాని తప్పేమీ లేదు. ఇక మీకు హాజరు అక్కర్లేదు, పళ్ళెమూ అక్కర్లేదు. ఈ సంగతి మీకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పే ధైర్యం నాకూ లేదు.

బడుల సంగతంటారా, మీరిప్పుడు ఉన్నచోట మేనేజర్లు ఉండరు. అంతకన్నా ఏం కావాలి? ఇక్కడి మీద ఆశ వదులుకుని హాయిగా వెళ్ళండి. మీ పద్ధతి తెలియక మా పద్ధతిలోనే మీకోసం దువా చేశాను.

మీ మేలు కోరే,
మౌలా సాహెబ్

తా.క.: మీ చేతిరాతను మీ పాత సెలవు చీటీలతో పోల్చి చూశాం. అచ్చం అదే. సంచీ విప్పే గుమాస్తా జబీ ఆ రోజు నుంచి ఆఫీసుకు రావడం లేదు.


ఖమీస్ ముషైత్,
అక్టోబరు 8

మౌలా సాహెబ్ గారికి,

మీ ఉత్తరం అందింది సార్. ఫైలు మూశారంటే నన్ను పనిలోంచి తీసేసినట్టే కదా. ఎంబీఏ మాట ఎత్తడం అంత నేరమా? నిన్న హెడ్డాఫీసు మనిషి ఒకడు వచ్చి నా ట్రంకు పెట్టెకు తాడు కట్టించి, పైన నా పేరు రాయించి పట్టుకుపోయాడు. అది నాదేనని నేను పక్కనే నిలబడి చెబుతూనే ఉన్నాను. అందుకే కదా నీ పేరు రాయించింది అన్నాడు. నాకిప్పుడు ఒంటిమీది జత ఒక్కటే మిగిలింది. పోతూపోతూ నోటీసు బోర్డు మీద నా ఫోటో అంటించి, మూలకు నల్ల రిబ్బను కట్టాడు. ఉత్తమ కార్మికుడి బహుమతేమోనని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బహుమతిచ్చి తీసేయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. తీసేస్తే తీసేశారు, సిఫారసు ఒక్కటీ ఇప్పించండి. అది లేకపోతే ఆ బడి తలుపు నాకు తెరుచుకోదు.

మీ,
లింబాద్రి

తా.క.: కంపెనీ నుంచి ఎవరో ఊళ్ళో మా ఆవిడ పుష్పకు ఫోను చేసి, ‘చాలా విచారిస్తున్నాం, గుండె రాయి చేసుకో అమ్మా’ అన్నారట. నేను ఇంకో రెండేళ్ళు చదువుతానన్నందుకు ఆమెకు సానుభూతి చెబుతున్నారనుకుని, అవునండీ, నా ఖర్మ అందట.


బలద్,
అక్టోబరు 12

లింబాద్రి గారికి,

సలాములు. ఇక దాచి లాభం లేదు. సెప్టెంబరు 11న తబూక్‌లో, పొలాల పక్కన కడుతున్న గోదాము పైనుంచి పడి మీరు చనిపోయారు. నొప్పి తెలియలేదని డాక్టరు రాశాడు. తమ పరిస్థితి తమకు తెలియనివారికి ఆ మాట నోటితో చెప్పకూడదని మా నాయనమ్మ రహమత్‌బీ అనేది. కాగితం మీద చెప్పవచ్చో లేదో ఆమె అనలేదు.

తీరని కోరిక ఒకటి మిమ్మల్ని పట్టుకుని లాగుతోందని నాకు అర్థమైంది. అది తీర్చి పంపడం నా బాధ్యత. తబూక్‌లో మీతో పనిచేసినవాళ్ళను అడిగి సిఫారసు రాశాను, ఒక ప్రతి ఇందులో పెడుతున్నాను. ‘ఎండ మండిపోయే రోజున తన నీళ్ళ సీసా పక్కవాడికిచ్చేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళ నడుము పట్టీ తానే బిగించి గాని పైకి ఎక్కనిచ్చేవాడు కాదు. ఆయన నవ్వితే గోదాము మొత్తం వినపడేది. ఇటువంటి మనిషిని మా కంపెనీ మళ్ళీ చూడదు.’ ఇరవయ్యారేళ్ళలో నేను ఎవరి గురించీ ఇలా రాయలేదు. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి.

మీ ఆత్మశాంతి కోరే,
మౌలా సాహెబ్

తా.క.: కౌలాలంపూర్ మేలు. మనీలాలో తుఫానులెక్కువ. మీకు ఇప్పుడు ఇబ్బంది ఉండదనుకోండి.


ఖమీస్ ముషైత్,
అక్టోబరు 15

మౌలా సాహెబ్ గారికి,

సార్, నేను బతికే ఉన్నాను. నిన్నటి నుంచి పన్ను సలుపుతోంది, చచ్చినవాడికి పన్ను నొప్పి ఉంటుందా? మీ ఉత్తరం యాదగిరికి చదివి వినిపిస్తే, వాడు ముందు నన్ను గిల్లి చూశాడు, తర్వాత పక్క గదికి మారిపోయాడు.

నేను తబూక్ మొహం ఎప్పుడూ చూడలేదు. మన కంపెనీలో లింబాద్రులం ఇద్దరం ఉన్నాం. ఇద్దరిదీ నిజామాబాద్ జిల్లానే, ఒకే విమానంలో వచ్చాం. నా ఫైలు నంబరు 4417, ఆయనది 4471. పోయింది ఆయన. మీరు మూసింది నన్ను. ఆ మాట రాస్తుంటే నాకు భయమేసింది, బాధా వేసింది.

మీ సిఫారసు పదిసార్లు చదువుకున్నాను. అంత మంచి ఉత్తరాన్ని ఏ బడీ కాదనదు. కానీ నేను ఎవరికీ నీళ్ళ సీసా ఇచ్చినవాణ్ణి కాను. ఏం చేయాలో తేల్చుకోలేక దిండు కింద పెట్టాను. ఈ నెల 23, గురువారం నాడు నేనే వచ్చి మీ ఎదుట కూర్చుంటాను. అప్పుడు నమ్మండి.

నిండు ప్రాణాలతో ఉన్న,
లింబాద్రి

తా.క.: నేను లోపలికి రాగానే మీరు లేచి పారిపోకండి.


బలద్,
అక్టోబరు 26

ప్రియమైన లింబాద్రి గారికి,

గురువారం మిమ్మల్ని కళ్ళారా చూశాక నా గుండెల మీద బరువు దిగింది. మధ్యాహ్నం జొహర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి మీరు నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. కూర్చోమనేదాకా కూర్చోలేదు. బట్టల నిండా సిమెంటు దుమ్ము. సిగ్గు విడిచి మీ చేయి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది, మా ఏసీ మహిమ. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు, పన్ను నొప్పి గుర్తొచ్చి నేనూ బలవంతం చేయలేదు. ఇకామా గుర్తింపు కార్డు చూపించమనడం మర్యాద కాదనిపించింది.

మీరు ఫైలు మీది నంబరు మీద వేలు పెట్టి, ‘గిది తప్పు సార్’ అన్నారు. అక్కడికక్కడే రెండు ఫైళ్ళూ సరిచేశాను. మీరు మళ్ళీ బతికి ఉన్నవారయ్యారు. ఏ బడి ఎంచుకున్నారని అడిగితే మాత్రం, ‘బడి ముచ్చట నాకెందుకు సార్, మా ఇంటికి ఫోను చెయ్యిండ్రి’ అని ఒక నంబరు చీటీ మీద రాసిచ్చారు. మీవాళ్ళతో మీరు రోజూ మాట్లాడుతున్నారు కదా, నేనెందుకని ఆ చీటీ ఇందులో తిప్పి పంపుతున్నాను. పాపం, తబూక్ లింబాద్రి గారి ఇంటికే ఇంకా కబురు వెళ్ళలేదు. ఆయన ఫైలులో ఉన్న నంబరు ఎప్పుడో ఆగిపోయింది.

మీ స్నేహితుడు,
మౌలా సాహెబ్

తా.క.: మీరు వెళ్ళేముందు మా మిషను మీద వేలు పెట్టించాను. మొదటిసారికే పట్టింది. కాకపోతే తెరమీద తబూక్, 4471 అని చూపించింది. దాన్ని బాగు చేయించాలి.


ఖమీస్ ముషైత్,
అక్టోబరు 29

మౌలా సాహెబ్ గారికి,

మీరు కూర్చునే చదవండి సార్. గురువారం నేను జిద్దా రాలేదు. జాబితాలో లేనివాడికి సెలవేమిటని క్యాంపు బాసు నా కాగితం తిప్పి కొట్టాడు. ఆ రోజంతా స్టోరులోనే ఉన్నాను. మీ దగ్గరికి వచ్చిందెవరో మీ మిషనే చెప్పింది, దాన్ని బాగు చేయించకండి.

చీటీ మీదిది నా రాత కాదు, ఆ నంబరు మా ఇంటిదీ కాదు. సగం రోజు దాన్ని చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి ఫోను చేశాను. ఎవరని అడిగితే అలవాటుగా లింబాద్రిని అన్నాను. అనకుండా ఉండాల్సింది. అవతల ఉన్నది ఆయన భార్య లస్మవ్వ. ‘యాడికి వోయినవయ్యా, నెలన్నర సంది ఫోను దిక్కే సూస్తున్న’ అని ఏడుస్తూ నవ్వింది. నా గొంతు ఆయనది కాదని ఆమెకు రెండో మాటకే తెలిసి ఉంటుంది. అయినా నన్ను మాట్లాడనివ్వకుండా ఇంటి సంగతులన్నీ చెబుతూనే పోయింది. అన్నీ విన్నాక, ‘అక్కా, నేను ఆ లింబాద్రిని గాను’ అన్నాను. మిగతాది నేనే చెప్పాను. ఇంకెవరు చెప్పినా బాగుండదనిపించింది.

మెస్సులో నా పళ్ళెం నాకు వస్తోంది. ఆయన్ని ఇంటికి పంపే కాగితాలు ఈ వారమే కదిలించండి.

లింబాద్రి, ఫైలు నంబరు 4417

తా.క.: కౌలాలంపూర్ బడికి ఆ సిఫారసు పంపలేదు. మనీలావాళ్ళు జనవరి విడతలో తీసుకుంటామన్నారు. నా గురించి తీరికగా రెండు ముక్కలు రాయండి: మనిషి ఉన్నాడు, చెప్పిన పని చేస్తాడు. మొదటి సిఫారసు మాత్రం కంపెనీ ముద్ర వేసి లస్మవ్వకు పంపండి. ఆమెకు చదవడం రాదట. శుక్రవారం ఫోనులో నేను చదివి వినిపిస్తానన్నాను.